చెవులు మాత్రం స్పష్టంగా వచ్చాయి

మా అక్క మొగుడి మొహం ఏ ఫొటోలోనూ సరిగ్గా పడదు. ఆయన కెమెరాకు దొరకని మనిషేమీ కాదు. పిలిస్తే వస్తాడు, కుర్చీలో బుద్ధిగా కూర్చుంటాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుంటాడు. తీరా ఫొటో చూస్తే మొహం ఉండాల్సిన చోట పొగమంచు ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు చెవులు మాత్రం వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి.

ఇంకెవరి బావకైనా ఇలా జరిగితే నవ్వుకుని ఊరుకునేవాణ్ని. కానీ ఆ ఫొటోలు తీసింది నేను. వీధి మలుపులో ఉన్న స్టూడియో నాది. గుమ్మం పైన బోర్డు మీద 'స్పష్టతకు మారుపేరు' అని రాయించుకున్నవాణ్ని నేను. నా కెమెరా ముందు కూర్చున్నవాడి నుదుటి మీద ఈగ వాలితే, ఈగ కాళ్లు కూడా కనిపించాలి. ఏడ్చే పసిపిల్లలు, తుమ్మబోయే ముసలివాళ్లు, ఒకసారి పక్కింటివాళ్ల పిల్లి, అందరూ అద్దంలో చూసుకున్నట్టు వచ్చారు. బావ ఒక్కడే రాలేదు. పెళ్లి ఫొటోలో మా అక్క ముక్కు మీది పుట్టుమచ్చ కూడా కనిపిస్తుంది. ఆవిడ పక్కన ఉన్నవి రెండు చెవులు.

నాకు కోపం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. ఈ రెండింటిలో దేన్నీ దాచుకునే అలవాటు లేదు. బావ మీద మాత్రం కోపం నిలిచేది కాదు. ఎంత తిట్టినా నా మొహంలోకే చూస్తూ, చివరి మాట దాకా ఓపిగ్గా విని, చిన్నగా నవ్వేవాడు. తిట్లను అంత శ్రద్ధగా వినేవాణ్ని తిట్టడం కష్టం.

మా అక్క పద్ధతి ఇంకోటి. ఆవిడ పోట్లాటకు ముందు లైటు వేస్తుంది. పట్టపగలైనా సరే, టక్కున స్విచ్చి నొక్కి, మొగుడికి ఎదురుగా నిలబడి, నోరు సాగదీసుకుంటూ ఒక్కో మాటా నమిలి నమిలి అంటుంది. మా ఇంటావంటా నాటకాల పిచ్చి లేదు, ఈవిడకు ఎక్కడి నుంచి అంటుకుందా అనుకునేవాణ్ని. కరెంటు దండగ కదా అని ఒకసారి అంటే, "నీ పని నువ్వు చూసుకో" అంది.

బావ పనిచేసేది ఫ్యాన్ల ఫ్యాక్టరీలో. ఆయన పని వినడం. తయారైన ఫ్యాన్‌ని బల్లకు బిగించి తిప్పుతారు. బావ ఆ బల్ల మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంటాడు. తర్వాత కళ్లు తెరిచి, ఫ్యాన్ బాగుంటే సుద్దతో టిక్కు పెడతాడు, లేకపోతే సున్నా చుడతాడు. ఆయన సున్నా చుట్టిన ఫ్యాన్‌ని విప్పి చూస్తే లోపల ఏదో ఒక స్క్రూ వదులుగా ఉండి తీరుతుంది. అందుకే అక్కడ అందరూ ఆయన్ని 'పెద్దచెవి' అంటారు, గౌరవంగానే. బావ కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు మేనేజరు కొత్తవాళ్లను తీసుకొచ్చి, "వినడమంటే అదీ" అని చూపిస్తాడట.

ఆ ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న గదిలో ఒకాయన కూర్చుంటాడు. లోపలికి వెళ్లేవాళ్ల కార్డులు చూడడం, కొత్త కార్డులు ఇవ్వడం ఆయన ఉద్యోగం. చేతిలో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది కాబట్టి ఆయన పేరూ భూతద్దమే అయిపోయింది. బావ కార్డు మీద ఉన్నది నేను తీసిన పొగమంచు ఫొటోయే. కాబట్టి ఇన్నేళ్లూ భూతద్దం బావను చెవులు చూసే లోపలికి పంపాడు. పొద్దున్నే బావ కిటికీ ముందు ఆగి, ఒకసారి కుడిచెవి, ఒకసారి ఎడమచెవి చూపిస్తాడు. ఆయన కార్డులోని చెవులతో పోల్చి చూసి, "ఊఁ, నువ్వే" అంటాడు. వెనక వరసలో ఉన్నవాళ్లకు ఇదేమీ వింత కాదు. కొందరు మొహాలు బాగానే పడ్డవాళ్లు కూడా అలవాటుగా చెవులు చూపించి వెళ్లేవారు.

అంతా సవ్యంగా సాగిపోతుండగా మేనేజరుకు కొత్త కార్డుల మీద మనసు పుట్టింది. శనివారం లోపల అందరూ కొత్త ఫొటో ఇవ్వాలి. ఇవ్వనివాడి కార్డు రద్దవుతుంది. రద్దయినవాడు మళ్లీ కొత్తగా చేరాలి. కొత్తగా చేరేవాడికి వాడి పనికి తగ్గ పరీక్ష పెడతారు. బావ పనికి పరీక్ష అంటే చెవుల పరీక్ష.

ఈ సంగతి బావ దిగులుగా చెప్పాడు. నేను పకపకా నవ్వాను.

"నీ చెవులకి పరీక్షేంటి బావా? వాటి దగ్గర వాళ్లే పాఠాలు చెప్పించుకోవాలి!"

బావ నవ్వలేదు. "ఆ పరీక్ష దాకా పోకూడదురా. పోతే నా పని అయిపోయినట్టే. ఎలాగైనా ఒక్క ఫొటో సరిగ్గా తియ్యి" అన్నాడు. అక్క లేచి వెళ్లి లైటు వేసింది. ఏమీ అనకుండానే మళ్లీ ఆర్పేసింది.

మర్నాడే బావను స్టూడియోకు పిలిచాను. తెల్ల చొక్కా వేసుకొస్తే కెమెరా ఆ తెలుపు చూసి కంగారుపడి మొహాన్ని నల్లబరుస్తుంది కాబట్టి బూడిద రంగు చొక్కా వేసుకు రమ్మన్నాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి, నీడ పడిన చెంప మీదికి వెలుతురు తిప్పడానికి తెల్ల అట్ట నిలబెట్టాను. లెన్స్ లోపల రంధ్రాన్ని బాగా తెరిచాను. ఆ రంధ్రం ఎంత పెద్దదైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది, స్పష్టంగా పడే లోతు మాత్రం అంత తగ్గిపోతుంది. కంటి మీద ఫోకస్ పెడితే చెవి దగ్గరికి వచ్చేసరికే మసక మొదలవుతుంది. నేను కంటి మీదే పెట్టాను. కెమెరాను మొహానికి అదుముకుని, అలవాటు ప్రకారం "ఆఁ, అంతే, అలాగే, గడ్డం కాస్త..." అని గొణుగుతూ నొక్కాను.

మొహం మసక. చెవులు దివ్యంగా వచ్చాయి.

"కదిలావు" అన్నాను కెమెరా దించి.

"లేదే! నువ్వు చెప్పినట్టే చేశానుగా" అన్నాడు బావ అమాయకంగా.

ఫొటో చూసి భూతద్దం తల పంకించాడు. "చెవులు ఎప్పట్లాగే బాగున్నాయి. ఈసారి మేనేజరుగారు మొహం కూడా అడుగుతున్నారు" అని వెనక్కి ఇచ్చేశాడు.

కదలడమే జబ్బయితే మందు వేగమే అనుకున్నాను. ఎగిరే పిచ్చుక రెక్క కూడా ఆగిపోయేంత వేగంగా షట్టర్ పెట్టాను. అంత వేగానికి వెలుతురు చాలదు కాబట్టి, ఉన్న కాస్త వెలుతురునే పెంచి చూపించే ఐఎస్ఓని పైకి తోశాను. మొహం మసకగానే వచ్చింది, దాని మీద సన్నని చుక్కలు కూడా వచ్చి చేరాయి. భూతద్దం ఫొటోను వేలితో రుద్ది, వేలు చూసుకున్నాడు.

"ఏంటండీ, ఈయన మొహం మీద ఇసుక పోశారు? ఊడ్చి తీసుకురండి."

మళ్లీ తీశాను. ఈసారి ఐఎస్ఓ దించేసి ఫ్లాష్‌ని సూటిగా మొహం మీదికి వదిలాను. కళ్లూ ముక్కూ మీసమూ అన్నీ కలిసి ఒకే తెలుపైపోయాయి. "కార్డు మీద మనిషి ఉండాలి. బల్బు కాదు" అన్నాడు భూతద్దం.

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. ఈ మనిషి నొక్కే క్షణంలో కాస్త ముందుకు వస్తున్నాడు, అందుకే కంటికి పెట్టిన ఫోకస్ చెవికి తగులుతోంది అని లెక్క తేల్చాను. ఎందుకు వస్తున్నాడో మాత్రం ఆలోచించలేదు. కోపంలో ఉన్నవాడికి ఎందుకు అనే మాట తట్టదు. వచ్చేవాడు ఎలాగూ వస్తాడు, మనమే ముందు కాపు కాద్దాం అని కంటికి బెత్తెడు ఇవతల గాలిలో ఫోకస్ పెట్టి గొణుగుతూ నొక్కాను. బావ ముందుకు వచ్చి అందులో పడ్డాడు.

మొహం వచ్చింది! కళ్లు, కనురెప్పలు, పొద్దున గీసుకోవడం మరిచిపోయిన రెండు గడ్డం వెంట్రుకలు, అన్నీ వచ్చాయి. నేను కుర్చీ చుట్టూ గంతులు వేశాను. ఇంటికి తీసుకెళ్లి చూపిస్తే అక్క ఆ ఫొటోను చాలాసేపు వదల్లేదు. "పెళ్లయ్యాక ఈయన్ని ఫొటోలో చూడ్డం ఇదే మొదటిసారిరా" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, కానీ నావి గర్వంతో.

భూతద్దం ఆ ఫొటోను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఎవరీయన?"

"మా బావండీ!"

"మరి చెవులేవి?"

నిజమే. కళ్లు స్పష్టంగా వచ్చేసరికి చెవులు మసకబారాయి.

"చెవులదేముందండీ, మొహం ఉందిగా!"

"మొహం ఎవరికైనా ఉంటుంది. ఇన్నేళ్లూ నేను లోపలికి పంపింది ఈ చెవుల్ని. రేపు ఇంకెవడో ఈ మొహం పెట్టుకుని వస్తే నేనేం చెయ్యాలి? మేనేజరుగారికి మొహం కావాలి, నాకు చెవులు కావాలి. ఇసుక వద్దు. బల్బు వద్దు. రేపు మధ్యాహ్నం గేటు మూసేలోగా తెండి."

నేను గొంతు చించుకుని అరిచాను. ఆయన భూతద్దంలోంచి నా నాలుకను పరిశీలించి, "నోరు ఆరోగ్యంగానే ఉంది" అన్నాడు.

ఇంక మిగిలింది ఒక్కటే దారి. లెన్స్ రంధ్రాన్ని బాగా మూసేస్తే కంటి నుంచి చెవి దాకా అంతా స్పష్టంగా పడుతుంది. కానీ మూసిన రంధ్రంలోంచి వెలుతురు పీచుపీచుగా వస్తుంది. ఐఎస్ఓ పెంచకూడదు, ఫ్లాష్ వాడకూడదు అన్నప్పుడు షట్టర్‌ను తెరిచి ఉంచి, వెలుతురు చేరేదాకా ఆగాలి. ఒక నిట్టూర్పు విడిచేంత సేపు. అంతసేపూ మనిషి రాయిలా ఉండాలి.

శనివారం పొద్దున కెమెరాను మూడుకాళ్ల ట్రైపాడ్‌కు బిగించాను. అక్క కూడా వచ్చి గోడ పక్కన నిలబడింది. కెమెరా వెనక వంగి, కన్ను ఆనించి, "కదలకు, కదలకు బావా, ఊపిరి బిగబట్టు" అని గొణుగుతూ నొక్కాను. బావకు మూడు ముక్కులు వచ్చాయి. మళ్లీ నొక్కాను. మూతి మీద మూతి వచ్చింది. నేను ఎంత బతిమాలితే ఆయన అంత ముందుకు వస్తున్నాడు.

నా ఓపిక చచ్చిపోయింది. కెమెరా వెనక నుంచి లేచి, "నీకు ఫొటో దిగే రాత లేదు బావా! కోతికి చెప్పుకున్నా ఈపాటికి కదలకుండా ఉండేది. ఇంక నేను మాట్లాడను. నీతో మాటే లేదు, పో!" అన్నాను.

అన్నంత పనీ చేశాను. షట్టర్‌ని దూరం నుంచి నొక్కే తీగ ఒకటుంటుంది. అది పట్టుకుని కెమెరాకు పక్కగా వచ్చి, కిటికీ వెలుతురులో మూతి ముడుచుకుని నిలబడ్డాను. ఉడుకుమోతుతనంతో నొక్కేశాను. బావ నా మూసిన నోటి వైపే చూస్తూ కూర్చున్నాడు, బొమ్మలాగా.

కెమెరా వెనక తెర మీద బొమ్మను పెద్దది చేసి చూశాను. కళ్లు ఉన్నాయి. చెవులు ఉన్నాయి. చెంప మీది వెలుతురు చెంప మీద, నీడ నీడలో, ఎక్కడివక్కడ ఉన్నాయి. మచ్చ లేదు, ఇసుక లేదు. నా జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు. సంతోషంగా నోరు తెరవబోయి ఆగిపోయాను. నోరు మూసుకోవడం తప్ప ఇందులో నేను కొత్తగా చేసిందేమీ లేదు.

మెల్లగా వెళ్లి మళ్లీ కెమెరా వెనక నక్కాను. మామూలు గొంతుతోనే అన్నాను. "బావా, మీ ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. భూతద్దం చెట్టెక్కి కూర్చున్నాడు."

బావ కాస్త ముందుకు వంగాడు. చిన్నగా నవ్వి, "అలాగే" అన్నాడు.

టక్కున లైటు వెలిగింది. స్విచ్చి దగ్గర అక్క నిలబడి ఉంది. మొగుడికి ఎదురుగా వచ్చి, నోరు సాగదీస్తూ, గొంతే లేకుండా పెదవులతో ఏదో అంది. బావ నా వైపు తిరిగి తల దించుకున్నాడు.

"చిన్నప్పుడే ఒక చెవి పోయిందిరా" అన్నాడు. "రెండోది పెళ్లినాటికే సగం పోయింది. ఆ మిగిలిన సగం కూడా మెల్లగా పోయింది. మీ నోళ్లు కనిపిస్తే చాలు, నాకు అన్నీ తెలుస్తాయి. నువ్వు కెమెరా అడ్డం పెట్టుకుని ఏదో అంటావు. ఒక్క ముక్కయినా అందుతుందేమోనని..."

"మరి ఫ్యాన్లు?" ఆయన తలెత్తాక, కెమెరా ముందుకు వచ్చి అడిగాను.

"అవి చేతికి తెలుస్తాయి. కళ్లు మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తాయి. కానీ అది వినేవాడి కుర్చీ. వినపడదని తెలిస్తే, ఫ్యాన్లు బాగున్నాయా లేదా అని ఎవరూ అడగరు. ముందు కుర్చీ లాగేస్తారు."

నేను అక్క వైపు చూశాను. "నాకెందుకు చెప్పలేదే?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా?" అంది అక్క.

బాధేసింది. నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వేసింది. ఇన్నేళ్లూ ఆ మనిషిని కదలకు కదలకు అని కసురుకున్నాను. ఆయన మాత్రం నా మాట వినాలనే కదిలాడు.

మధ్యాహ్నం గేటు దగ్గరికి బావా నేనూ ఇద్దరం వెళ్లాం. కిటికీ దగ్గర వరస చాలా పొడుగ్గా ఉంది. వాళ్లలో సగం మంది నా స్టూడియోలో ఫొటో దిగినవాళ్లే, తలలు ఊపి పలకరించారు. భూతద్దం కొత్త ఫొటో తీసుకుని కన్ను చూశాడు, ముక్కు చూశాడు, కుడిచెవి చూశాడు, ఎడమచెవి చూశాడు. తప్పు దొరక్క దిగులుపడ్డాడు. తర్వాత సొరుగులోంచి తాను తిప్పి పంపే ముందు దాచుకున్న ఫొటోల నకళ్లు తీసి బల్ల మీద పరిచాడు.

"ఒక అనుమానం" అన్నాడు వాటి మీదికి వంగి. "మొహం పడినదాంట్లో తప్ప అన్నిట్లోనూ మీరు కంటికి పెట్టిన చోటికి చెవి వచ్చింది. అంటే నొక్కే ముందు ఈయన ముందుకు వస్తున్నాడు. మనిషి ఊరికే ముందుకు రాడు కదా! మా మామగారు కూడా ఎవరైనా మాట్లాడితే ఇలాగే ముందుకు వస్తాడు. ఆయనకి..."

బావ వైపు చూశాను. భూతద్దం తల వంచుకుని మాట్లాడుతున్నాడు కాబట్టి బావకు ఆయన బట్టతల తప్ప ఏమీ కనిపించడం లేదు. అప్పటికే కిటికీలోకి కాస్త వంగుతున్నాడు. పెదవుల మీద ఆ చిన్న నవ్వు వచ్చింది. ఇంకో క్షణంలో "అలాగే" అనేస్తాడు.

"ఆయన కదల్లేదు!" అని అరిచాను. "నాకే ఫోకస్ చెయ్యడం రాదు."

భూతద్దం తలెత్తాడు. అద్దం వెనక ఆయన కన్ను గుమ్మడికాయంత అయింది. "మీకా?"

"నాకే. కంటికి పెడదామనుకుంటే చెవికి పోతుంది. మొదట్నుంచీ అంతే."

"మరి వీళ్లందరి ఫొటోలూ బాగానే వచ్చాయిగా?"

"అవి పొరపాటున బాగా వచ్చాయి."

వరసలో గుసగుసలు లేచాయి. ఎవరో కిసుక్కుమన్నారు. భూతద్దం కొత్త ఫొటోను వెనక్కి తిప్పి నా ముందుకు తోశాడు.

"ఆ మాట దీని వెనక రాసి, మీ స్టూడియో ముద్ర వెయ్యండి."

నేను కలం తీశాను. 'ఈ ఫొటో తీసినవాడికి ఫోకస్ చెయ్యడం చేతకాదు' అని రాశాను. సంచీలోంచి ముద్ర తీసి దాని కింద వేశాను. 'స్పష్టతకు మారుపేరు' అని నీలిరంగులో నిండుగా పడింది. భూతద్దం రెండూ చదువుకుని, తృప్తిగా కార్డుకు ఫొటో అంటించి, బావను చూశాడు. బావ అలవాటుగా కుడిచెవి చూపించి, ఎడమచెవి చూపించాడు.

"ఊఁ, నువ్వే" అన్నాడు భూతద్దం.

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక బావ ఆగాడు. కార్డును జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకున్నాడు. "అంతసేపు ఏం మాట్లాడుకున్నారురా? ఆ వెనక వాళ్లంతా నిన్ను చూసి నవ్వుతున్నారు" అన్నాడు.

నా వీపు వెనక సూర్యుడున్నాడు. ఆయనకు నా మొహం నల్లగా కనిపిస్తూ ఉండాలి. ముందుకు వంగడం మొదలుపెట్టాడు. నేను ఆయన భుజం పట్టుకుని ఆపి, చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాను. ఎండ సూటిగా నా మొహం మీద పడింది. కళ్లు చిట్లించుకుని, మా అక్కలాగా నోరు సాగదీసి, ఒక్కో మాటా నమిలి చెప్పాను.

"నాకు... ఫొటోలు... తియ్యడం... రాదని... చెప్పాను."

బావ చివరి మాట దాకా కదలకుండా చూశాడు. ఒక్క వెంట్రుకంత కూడా ముందుకు రాలేదు.

"ఆ సంగతి నాకు పెళ్లినాడే తెలుసు" అన్నాడు.

ఇద్దరం ఇంటిదారి పట్టాం. ఎండ మాడ్చేస్తోంది. అవతలి పక్క గోడల వెంట చల్లటి నీడ ఉంది. నేను మాత్రం ఇల్లు చేరేదాకా మొహం మీద వెలుతురు పడే పక్కనే నడిచాను, ఎందుకంటే బావకు చెప్పాల్సింది చాలా ఉంది.